గుణదల కొండ మొక్కు: అమ్మ మోకాలికి ఆపరేషన్ అయ్యింది, ఆవిడ బదులు నేను ఎక్కితే చెల్లుతుందా?

ఉయ్యూరు_చెరకు

ఎనిమిదేళ్ళ క్రితం మా చెల్లి కాన్పు కష్టమైంది, బిడ్డ అడ్డం తిరిగింది అన్నారు, ఆ రాత్రి ఆసుపత్రి వరండాలో కూర్చుని మా అమ్మ గుణదల మరియమ్మకి మొక్కుకుంది. తల్లీబిడ్డా క్షేమంగా ఇంటికొస్తే కింద గుడి నుంచి మాత స్వరూపం ఉన్న గుహ దాకా, గుహ నుంచి కొండ మీద సిలువ దాకా చెప్పుల్లేకుండా, జపమాల చెప్పుకుంటూ ఎక్కుతానని. పాప పుట్టింది, ఇప్పుడు రెండో తరగతి, ఇల్లు పీకి పందిరేస్తోంది. మొక్కు మాత్రం ఒక ఏడాది నాన్న ఆరోగ్యం, ఒక ఏడాది కరోనా, ఒక ఏడాది ఇంకేదో అంటూ వాయిదా పడింది.

పోయినేడాది అమ్మకి కుడి మోకాలు మార్పించాం. ఎడమది కూడా అంతంత మాత్రమే. వయసు 66. ఇప్పుడు ఈ ఫిబ్రవరిలో ఎక్కి తీరాల్సిందే అంటోంది. మా అన్నయ్యేమో కింద గుడిలో పూజ చెప్పించి, కొవ్వొత్తి వెలిగించి వచ్చేద్దాం, దేవుడికి తెలియదా మన పరిస్థితి అంటాడు. నేను మధ్యేమార్గంగా అమ్మని కింద కూర్చోబెట్టి నేను ఎక్కుతా అన్నా. దానికి ఆవిడ "నువ్వు పూజకే పోవు, నీ ఎక్కుడు ఎవరి లెక్కలో రాస్తారు?" అంది. నిజమే, నేను క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ తప్ప గుడి మెట్లు తొక్కను.

అడిగేది రెండు ముక్కలు. ఒకటి, తల్లి మొక్కు కొడుకు తీర్చొచ్చా? రెండు, మోకాలు మార్పించుకున్న వాళ్ళని ఆ కొండ ఎక్కించినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?

బెజవాడ_ఎండలు

రెండోదానికి ముందు చెప్తా. ఫిబ్రవరి 9, 10, 11 తారీఖుల్లో మాత్రం తీసుకెళ్ళకండి. తిరునాళ్ళప్పుడు ఆ మెట్ల మీద మనం ఎక్కం, జనమే మనల్ని ఎక్కిస్తారు. మోకాలు సంగతి దేవుడెరుగు, ముందు ఊపిరాడదు.

చెప్పుల_జాగ్రత్త

మొక్కులో చెప్పుల్లేకుండా అని ఉంది కాబట్టి సరిపోయింది. నేను మొక్కకుండానే మూడుసార్లు చెప్పుల్లేకుండా ఇంటికొచ్చా.

శౌరి_మనవడు

మాది ఫిరంగిపురం దగ్గర. మా నానమ్మ ఇలాంటిదే మొక్కుకుని తీర్చకుండానే మంచాన పడింది. చివరికి మా మేనత్త ఎక్కింది ఆవిడ బదులు. అయినా పోయేదాకా నానమ్మకి అదే దిగులు, "నేను ఎక్కలేదు, అది ఎక్కింది" అని. అందుకే చెప్తున్నా, చెల్లుతుందా చెల్లదా అనేది పక్కన పెట్టండి, ఆవిడ మనసు ఊరుకుంటుందా లేదా చూసుకోండి. ఊరుకోదు అనుకుంటే ఎంతో కొంత ఎక్కించండి.

ఎక్స్_సెమినరీ

ఏడేళ్ళు చదివి బయటికొచ్చినవాడిని, ఆ చదువు ఇలాంటప్పుడైనా పనికిరానీ.

1983 నాటి శ్రీసభ (అంటే మన కతోలిక సంఘం) చట్టంలో మొక్కుబడుల మీద విడిగా నియమాలున్నాయి. 1193వ నియమం ఏమంటుందంటే మొక్కు దాని స్వభావాన్ని బట్టి మొక్కిన మనిషినే కట్టిపడేస్తుంది, ఇంకొకర్ని కాదు. అంటే మీ అమ్మగారి బాకీ మీ నెత్తిన లేదు. మీరు ఎక్కితే అది మీ భక్తి, ఆవిడ మొక్కు తీరినట్టు కాదు. కానీ దాని వెనకే 1196, 1197 ఉన్నాయి. సొంతంగా చేసుకున్న మొక్కుని మొక్కినవాళ్ళే దానితో సమానమైన దానికో, అంతకంటే మంచిదానికో మార్చుకోవచ్చు, ఎవర్నీ అడగక్కర్లేదు. తక్కువ దానికి మార్చాలంటే, అసలు వద్దనుకోవాలంటే విచారణ గురువుగారికి, అంటే ఊరి ఫాదర్ గారికి, ఆ అధికారం ఉంది. మంచి కారణం ఉండాలి అంతే, మార్పించిన మోకాలికంటే మంచి కారణం ఏం కావాలి.

కాబట్టి దారి సులువు. మీ ఊరి ఫాదర్ గారి దగ్గరికి తీసుకెళ్ళండి, ఐదు నిమిషాల పని.

ఉయ్యూరు_చెరకు

@ఎక్స్_సెమినరీ మీ పోస్టు అమ్మకి చదివి వినిపించా, నంబర్లతో సహా. మొత్తం విని, "నేను ఫాదర్ గారికి మొక్కలేదురా, మరియమ్మకి మొక్కాను" అని చిక్కుడుకాయలు ఈనెలు తీసుకోడంలో పడిపోయింది.

ఎక్స్_సెమినరీ

మీ అమ్మగారి ముందు మా ప్రొఫెసర్లు నిలబడలేరు. ఊరుకున్నా.

గోదారి_గట్టు

అంత కష్టం ఎందుకండీ, మా గౌరీపట్నం నిర్మలగిరికి రండి. అక్కడ కూడా మేరీమాతే కదా, కాస్త నిదానంగా ఉంటుంది, మార్చిలో ఉత్సవాలు, అవి కాగానే వస్తే ఖాళీగా ఉంటుంది.

బెజవాడ_ఎండలు

@గోదారి_గట్టు ద్వారకా తిరుమలకి మొక్కుకుని తిరుపతిలో గుండు కొట్టించుకున్నట్టు ఉంటుంది.

గోదారి_గట్టు

పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చొచ్చు, చిన్న తిరుపతి మొక్కు పెద్ద తిరుపతిలో చెల్లదు. సరే ఒప్పుకున్నా.

వాక్యమే_చాలు

ఎవరినీ నొప్పించాలని కాదు గానీ, ఈ మొక్కులు, గుండ్లు, కొబ్బరికాయలు బైబిల్లో ఎక్కడున్నాయి? కొండ ఎక్కితేనే ప్రార్థన వింటాడా దేవుడు? ఇంట్లో మోకరిస్తే చాలదా? 66 ఏళ్ళ పెద్దావిడని ఆపరేషన్ కాలితో మెట్లెక్కించడం భక్తి ఎలా అవుతుందో నాకు అర్థం కావట్లేదు. ఆవిడకి మీరైనా నచ్చజెప్పాలి కదా.

కొవ్వొత్తి

వచ్చారండీ. ఇంకా రాలేదేంటా అనుకుంటున్నా.

శౌరి_మనవడు

@వాక్యమే_చాలు బ్రదర్, కొండెక్కితేనే వింటాడని ఎవరన్నారు? వినేశాడు కాబట్టే ఎక్కుతోంది ఆవిడ. పాప రెండో తరగతి. ఇది అర్జీ కాదు, థాంక్స్ చెప్పడానికి వెళ్ళడం. ఇక మొక్కులు బైబిల్లో లేవంటారా, సమూయేలు తల్లి హన్నా బిడ్డ కోసం మొక్కుకుని ఏం చేసిందో మీకు నేను చెప్పాలా.

వాక్యమే_చాలు

హన్నా కొబ్బరికాయ కొట్టలేదు.

కొవ్వొత్తి

ఆవిడ మొక్కుకున్న షిలోహులో కొబ్బరిచెట్లు లేవు మరి 😂

ఎక్స్_సెమినరీ

కొబ్బరికాయ ప్రస్తావన వచ్చింది కాబట్టి చిన్న సంగతి. రెండో వాటికన్ సభ (రోమ్‌లో జరిగిన బిషప్పుల మహాసభ) తర్వాత మన దేశపు ఆచారాలు పూజలోకి తెచ్చుకోడానికి 1969లో రోమ్ 12 అంశాలకి ఒప్పుకుంది. మోకరించే బదులు చేతులు జోడించడం, కొవ్వొత్తి బదులు నూనె దీపం, హారతి ఇలాంటివి. ఇవాళ మన గుళ్ళల్లో పెద్ద పూజలప్పుడు హారతి ఇస్తున్నారంటే దాని వెనక ఆ కాగితం ఉంది. ఆ 12లో కొబ్బరికాయ లేదు, తలనీలాలూ లేవు. గుణదలలో అవి రెండూ ఎవరూ కాగితం మీద ఒప్పుకోకుండానే నడుస్తున్నాయి. జనం తమ చేతులకి అలవాటైన పనే చేశారు. కృతజ్ఞత పుట్టినప్పుడు మనూళ్ళో మనిషి కాయ కొడతాడు, జుట్టిస్తాడు. వేళాంగణిలో కూడా గుండ్లు చూడొచ్చు. నాకైతే ఇందులో తప్పు కనపడదు, నాతో చదివిన సగం మందికి కనపడేది, రాత్రి భోజనం దగ్గర దీని మీద గిన్నెలు ఎగిరేంత గొడవ అయ్యేది.

నున్న_మామిడి

నేను హిందువునండీ, ఈ చర్చలో నాకేం పని అనుకోకండి, మా ఇంట్లో మూడు తరాలుగా గుణదల వెళ్తున్నాం. బెజవాడకి రెండు కొండలు, కృష్ణ ఒడ్డున ఇంద్రకీలాద్రి మీద దుర్గమ్మ, ఇటు గుణదల మీద మేరీమాత. మా తాత లెక్కలో ఇద్దరూ అమ్మలే, ఒకావిడకి చీర, ఇంకొకావిడకి కొవ్వొత్తి. మా బాబాయ్ కూతురి పేరు లూర్దు లక్ష్మి. పెళ్ళి శుభలేఖలో ఆ పేరు చూసి మగపెళ్ళివారు రెండుసార్లు ఫోన్ చేసి అడిగారు అచ్చుతప్పా అని.

@ఉయ్యూరు_చెరకు మామూలు రోజు చూసుకుని తెల్లవారుజామున వెళ్ళండి. ఫిబ్రవరి అయినా తొమ్మిది దాటితే బెజవాడ బెజవాడే, రాయి వేడెక్కితే చెప్పుల్లేని కాళ్ళకి నరకం.

చెప్పుల_జాగ్రత్త

లూర్దు లక్ష్మి గారికి నా నమస్కారాలు. ఎంత చక్కటి పేరండీ.

కొవ్వొత్తి

పేర్లంటే మా ఇంటికి రండి. మా తాత రాయప్ప, ఆయన తమ్ముడు చిన్నప్ప, మా నాయనమ్మ శౌరమ్మ, పెదనాన్న ఇన్నయ్య, బాబాయ్ లూర్దురాజు. మా ఆఫీసులో ఒక ఢిల్లీ అమ్మాయికి పేతురే రాయప్ప, పౌలే చిన్నప్ప, జేవియరే శౌరి, ఇగ్నేషియసే ఇన్నయ్య అని చెప్తే నమ్మలేదు, నేను ఆటపట్టిస్తున్నా అనుకుంది. ఇన్నయ్య అంటే ఆర్‌సీఎం (రోమన్ కాథలిక్ మిషన్) వాళ్ళు అని మా కృష్ణా గుంటూరుల్లో ఇట్టే తెలిసిపోతుంది.

వాక్యమే_చాలు

మా ఇంట్లో అందరూ డేవిడ్, డేనియల్, దీవెన కుమారి. ఈ విషయంలో మాత్రం మీ పేర్లే బాగున్నాయి, ఒప్పుకుంటా.

పాత_కాగితాలు

దారి తప్పిన చర్చని కొంచెం కొండ మీదకి తెస్తా. చాలామంది ఆ గుహ ఎప్పట్నుంచో ఉందనీ, అక్కడ మాత కనిపించిందనీ చెప్పుకుంటారు. కనిపించింది ఇక్కడ కాదు, ఫ్రాన్సులో లూర్దు అనే ఊళ్ళో. 1858 ఫిబ్రవరి 11న బెర్నదెత్త అనే పద్నాలుగేళ్ళ పిల్ల చెల్లెల్నీ ఇంకో స్నేహితురాల్నీ తీసుకుని కట్టెపుల్లలు ఏరుకోడానికి వెళ్ళినప్పుడు. మన తిరునాళ్ళు ఫిబ్రవరి 11కి పూర్తయ్యేది అందుకే.

గుణదలకి అది ఎలా వచ్చిందంటే, అక్కడ సెయింట్ జోసెఫ్ అనాథాశ్రమం చూసుకుంటున్న ఫాదర్ అర్లాటి అనే ఇటలీ గురువు 1924 ప్రాంతంలో కొండ మీద మాత స్వరూపం పెట్టించాడు. ఆయన పీమే సభవాడు, మిలాన్ నుంచి వచ్చిన మిషనరీలు, వాళ్ళు హైదరాబాదు వైపు మొదట దిగింది 1855లో. నిజానికి 1924కి ఆ సభకి పీమే అన్న పేరు కూడా లేదు, 1926లో రోమ్‌లో ఉన్న ఇంకో సభతో కలిపాక వచ్చిన పేరది. అప్పటికి బెజవాడకి సొంత మేత్రాసనం (ఒక బిషప్ గారి కింద ఉండే ప్రాంతం) కూడా లేదు, అది 1937లో వచ్చింది. ఇప్పుడు కింద మనం చూసే పెద్ద గుడి 1971 నాటిది. అంటే గుహ ముందు, గుడి తర్వాత. ముందు జనం కొండెక్కడం మొదలెట్టారు, ఆ తర్వాతే వాళ్ళకి నీడ కట్టారు.

నాకు నచ్చేది ఏంటంటే, అర్లాటి గారు పెట్టింది అనాథ పిల్లలున్న చోట. పెద్ద ఊరి మధ్యలో కాదు. అప్పటి గుణదల అంటే బెజవాడకి బయట ఒక పల్లె. ఇప్పుడేమో ఊరంతా కొండ చుట్టూ వచ్చి కూర్చుంది.

బెజవాడ_ఎండలు

@పాత_కాగితాలు ఇన్నాళ్ళూ అక్కడే కనిపించింది అనుకుంటున్నా. మా అమ్మమ్మ అయితే ఏ రాయి మీద నిలబడిందో కూడా చూపించేది.

పాత_కాగితాలు

అమ్మమ్మలతో నేను వాదించను.

తులూజ్_తెలుగోడు

నేను ఉండేది తులూజ్‌లో, లూర్దు మాకు రైల్లో రెండు గంటల దూరం. నాలుగుసార్లు వెళ్ళా, మొదటిసారి వెళ్ళింది మా అమ్మ పోరు పడలేక. గుణదల చూసినవాడికి అక్కడ ముందు కొంచెం నిరాశే, చెప్తున్నా. కొండెక్కక్కర్లేదు. గుహ నది ఒడ్డునే, నేలకి సమానంగా ఉంటుంది, చక్రాల కుర్చీలు నేరుగా గుహలోకి వెళ్ళిపోతాయి. అక్కడ ముందు వరస ఎప్పుడూ రోగులదే. మనలాంటి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళు పక్కకి తప్పుకోవాలి. గుణదలలో కొండ మీద పెట్టడం వల్ల అదే రివర్స్ అయ్యింది, నడవలేని వాళ్ళు కింద ఉండిపోతున్నారు. నాకది కొంచెం బాధగానే ఉంటుంది.

ఇంకో మాట, ఆ గుహ అప్పట్లో ఏ పవిత్ర స్థలమూ కాదు, ఊరి పందుల్ని తోలుకెళ్ళి ఆపే చోటు. బెర్నదెత్త వాళ్ళ కుటుంబం ఉండేది వాడకుండా వదిలేసిన పాత జైలు గది ఒకదాంట్లో. ఉబ్బసం పిల్ల. మొత్తం పద్దెనిమిది సార్లు కనిపించిందంటారు, చివరిసారి జులై 16న, అప్పటికి గుహకి అడ్డంగా చెక్కలు కొట్టేసి మూసేశారు అధికారులు, ఆ పిల్ల నదికి ఇవతల ఒడ్డు నుంచే చూసింది. దగ్గరికి వెళ్ళలేకపోయిందన్నమాట. @ఉయ్యూరు_చెరకు ఇది మీ అమ్మగారికి చెప్పి చూడండి, మాతని దూరం నుంచి చూస్తే లెక్కలోకి రాదనుకుంటే బెర్నదెత్తకి కూడా పదిహేడే లెక్కెయ్యాలి.

గుహలో ఉన్న పాలరాయి స్వరూపం 1864లో ఫాబిష్ అనే శిల్పి చెక్కింది. అది చూసి బెర్నదెత్త ఆవిడ ఇలా లేదు అందట. మనం గుణదలలోనూ ప్రతి ఇంటి గూట్లోనూ పెట్టుకున్న నీలం నడికట్టు స్వరూపాలన్నీ దాని నకళ్ళే.

కొవ్వొత్తి

@తులూజ్_తెలుగోడు చివరి ముక్క చదివి మా ఇంట్లో గూటి వైపు చూశా. ఏం అనలేదు.

నున్న_మామిడి

అక్కడ స్వస్థతలు నిజంగా జరుగుతాయా? వెళ్ళొచ్చారు కదా అడుగుతున్నా.

తులూజ్_తెలుగోడు

@నున్న_మామిడి నాకైతే జలుబు చేసింది, నీళ్ళు అంత చల్లగా ఉంటాయి. కానీ అక్కడ డాక్టర్ల కార్యాలయం ఒకటుంది, నయమైందని వచ్చినవాళ్ళ కేసులు వాళ్ళు పరీక్షిస్తారు. ఏడు వేల పైనే కేసులు నమోదయ్యాయి, శ్రీసభ అద్భుతం అని ఒప్పుకున్నవి 70 పైచిలుకు అంతే. ఇన్నేళ్ళలో. మన వాట్సాప్ గ్రూపుల్లో వారానికి అంతకంటే ఎక్కువ జరుగుతాయి.

మెట్టు_మెట్టుకీ

ఫిజియోథెరపీ నా పని. ఇంతసేపూ అందరూ చట్టం, చరిత్ర మాట్లాడారు, మోకాలి గురించి ఒక్కరూ మాట్లాడలేదు.

ఆపరేషన్ అయి ఏడాది అయ్యింది, ఇంట్లో మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే ముందు సర్జన్‌ని అడగండి, ఒప్పుకుంటే భయపడక్కర్లేదు. ఎక్కేటప్పుడు బాగున్న కాలు ముందు వెయ్యాలి, దిగేటప్పుడు బాగాలేని కాలు ముందు వెయ్యాలి. ఆవిడకి ఎడమది కూడా అంతంత మాత్రం అన్నారు కాబట్టి బాగున్న కాలు ఏదో ఆవిడనే అడగండి, చాలామందికి మార్పించిందే మంచి కాలు అయిపోతుంది. ఒక మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టాకే పై మెట్టు. పక్కన గోడో రెయిలింగో ఉన్నవైపే నడిపించండి, మీరు ఎక్కేటప్పుడు ఆవిడకి ఒక మెట్టు వెనక, దిగేటప్పుడు ఒక మెట్టు ముందు ఉండండి. అందరూ ఎక్కడానికి భయపడతారు, అసలు ప్రమాదం దిగడంలో. కొబ్బరినీళ్ళు పడి తడిగా ఉన్న మెట్టు మీద చెప్పుల్లేని కాలు ఎలా జారుతుందో నేను చూశా, అది మా అత్తగారి మణికట్టు.

మోకాళ్ళ మీద పాకడం మాత్రం ససేమిరా వద్దు. కొందరు మొక్కుకుంటారు. వద్దు.

చెప్పుల_జాగ్రత్త

తులూజ్ ఆయన లూర్దులో మోకాళ్ళ మీద ఎక్కే మెట్లున్నాయని చెప్పలేదే, మా పిన్ని వెళ్ళొచ్చి చెప్పింది?

తులూజ్_తెలుగోడు

ఉన్నాయి, సిలువ మార్గం (యేసు సిలువ మోసిన ఘట్టాలు ఒక్కో స్థలంగా చూపించే దారి) మొదటి స్థలం దగ్గర. గుహకి కొండక్కర్లేదు గానీ సిలువ మార్గానికి మాత్రం అక్కడా కొండే. నిలువెత్తు విగ్రహాలు చెట్ల మధ్య, కిలోమీటరున్నర దారి. నడవలేని వాళ్ళ కోసం కింద నది పక్కన చదునుగా ఇంకో సిలువ మార్గం పెట్టారు. అదే నేనన్నది, రెండోది కూడా ఉండాలి.

శౌరి_మనవడు

@తులూజ్_తెలుగోడు ఫిబ్రవరి 11నే వ్యాధిగ్రస్తుల దినంగా కూడా పెట్టారు కదా, రెండో జాన్‌పాల్ పోపు గారు, 1993 నుంచి. ఆ రోజే మన దగ్గర రోగులు జనంలో నలిగిపోతుంటారు. మీరన్నది నిజమే.

వాక్యమే_చాలు

నేనూ ఒకసారి ఎక్కా, చెప్పడానికి సిగ్గేం లేదు. డిగ్రీలో ఉన్నప్పుడు ఫ్రెండ్స్‌తో. నేను గుహ దగ్గర దండం పెట్టలేదు గానీ పైన సిలువ దగ్గర కూర్చున్నా, ఊరంతా కనపడింది, గాలి బాగా వచ్చింది. ఒక ముసలాయన పక్కన కూర్చుని నువ్వు ఏ సంఘం బాబూ అని కూడా అడక్కుండా సగం జామకాయ ఇచ్చాడు. ఉప్పూకారం కూడా.

కొవ్వొత్తి

చూశారా, జామకాయకి బైబిల్ రిఫరెన్సు అడగలేదు 😄

వాక్యమే_చాలు

అడిగేంతలో అయిపోయింది.

ఉయ్యూరు_చెరకు

అందరికీ అప్‌డేట్. మొన్న వెళ్ళొచ్చాం. తిరునాళ్ళ ముందే, మామూలు రోజు, సర్జన్ గారు "మెల్లగా అయితే పర్లేదు" అన్నాక. ఉయ్యూరులో నాలుగింటికి బయల్దేరి ఇంకా చీకటుండగానే చేరాం. అమ్మ, నేను, చెల్లి, చెల్లి కూతురు. అన్నయ్య రాలేదు, డ్రైవర్‌కి డబ్బులు మాత్రం వాడే ఇచ్చాడు.

కింద గుడిలో పూజ విని మొదలెట్టాం. నేను మెట్టు_మెట్టుకీ గారు చెప్పినట్టే వెనక ఒక మెట్టు. మంచి కాలేదమ్మా అంటే ఆలోచించి కుడిదే అంది, మార్పించిందే. అయితే నేను ఊహించనిది ఏంటంటే అమ్మ మెట్టుకొక మంగళవార్త జపం చెప్తోంది. ఊరికే నోట్లో గొణగడం కాదు, మెట్టు మీద రెండు కాళ్ళూ పెట్టి, నిలబడి, "దేవ వరప్రసాదము చేత నిండిన మరియమ్మా వందనము" అని మొదలుపెట్టి ఆమెన్ దాకా చెప్పి, జపమాలలో ఒక పూస జరిపి, అప్పుడు పై మెట్టు. మా వెనక ఉన్నవాళ్ళు కాసేపు చూసి పక్కనుంచి దాటి వెళ్ళిపోయారు. ఒకాయన దాటి వెళ్ళి, గుహ చూసి, కాయ కొట్టి, దిగుతూ మళ్ళీ మమ్మల్ని దాటాడు, మేము అప్పటికి ముప్పై మెట్లు కూడా ఎక్కలేదు. పాప వెక్కిరిస్తుందేమో అనుకున్నా గానీ అది కూడా పూసలు లెక్కపెట్టడం మొదలెట్టింది, అమ్మ ఒక పూస మర్చిపోతే "అమ్మమ్మా, ఇది అయిపోయింది" అని సరిచేసింది. నాకర్థమైంది ఏంటంటే ఆవిడకి మెట్లు ఎక్కడం పని కాదు, జపం చెప్పడం పని, మోకాలికి ప్రతి మెట్టుకీ ఒక జపమంత విశ్రాంతి దొరుకుతోంది. మీరు చెప్పిన వ్యాయామం ఆవిడ దగ్గర ముందే ఉంది.

గుహ దగ్గరికి చేరేసరికి తెల్లారిపోయి ఎండ వచ్చేసింది. అక్కడ కూర్చుంది. స్వరూపం వైపు చూస్తూ ఏం మాట్లాడలేదు చాలాసేపు. కాలు కొంచెం వాచింది. నేను మెల్లిగా అమ్మా చాలు అన్నా. ఆవిడ పైకి సిలువ వైపు చూసింది, కాలు చూసుకుంది. తులూజ్ ఆయన చెప్పిన నది ఇవతలి ఒడ్డు కథ అప్పుడు చెప్పా, ఇంటి దగ్గర చెప్పకుండా దాచుకున్నా. విని, "ఆ పిల్లకి చెక్కలు అడ్డం కొట్టారు, నాకు కాలు అడ్డం కొట్టింది" అని నవ్వింది. తర్వాత జపమాల తీసి నా చేతిలో పెట్టి, "మిగతాది నువ్వు ఎక్కు. చట్టంలో చెల్లకపోతే మరియమ్మతో నేను మాట్లాడుకుంటా" అంది.

ఎక్కా. చెప్పులు విప్పి. సిలువ మార్గం స్థలాలు ఒక్కొక్కటి ఆగి చూస్తూ, చిన్నప్పుడు నేర్చుకున్నవి సగం గుర్తొచ్చాయి సగం రాలేదు. దిగి వచ్చాక అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "తొమ్మిదో స్థలం ఏంటి?"

తెల్లమొహం వేశా.

శౌరి_మనవడు

యేసు మూడోసారి పడిపోవుట. అయ్యో, ఇంటర్నల్ పరీక్షలో పోయిందన్నమాట.

ఎక్స్_సెమినరీ

"చట్టంలో చెల్లకపోతే నేను మాట్లాడుకుంటా" అన్నారా. 1197వ నియమం ప్రకారం మొక్కినావిడే మార్చుకుంది, సమానమైనదానికి. చెల్లింది. నా ఏడేళ్ళ చదువు సాక్షి.

మెట్టు_మెట్టుకీ

వాపు ఎలా ఉంది ఇప్పుడు? ఐస్ పెట్టారా? దిగేటప్పుడు ముందు ఎడమ కాలు వేయించారా?

ఉయ్యూరు_చెరకు

@మెట్టు_మెట్టుకీ తగ్గిపోయిందండీ, రెండు రోజులు ఐస్ పెట్టాం. దిగేటప్పుడు మీరు చెప్పినట్టే, నేను ముందు, ఆవిడ నా భుజం పట్టుకుని. దిగేటప్పుడు జపాలు లేవు, చెల్లి మీద ఫిర్యాదులు ఉన్నాయి, అవీ మెట్టుకొకటే.

చెప్పుల_జాగ్రత్త

అదంతా సరే. మీ చెప్పులు ఉన్నాయా?

ఉయ్యూరు_చెరకు

ఒకటి ఉంది.